వాన పడ్డంకనే ప్లాటు చూడాలె

మెట్టుగూడల కిరాయి ఇల్లు గావాలన్నా, కొనే ఇల్లు గావాలన్నా జనం దేవమ్మ తానికే వస్తరు. దేవమ్మ అంటే నేనే. నోరు జెర పెద్దదే గని, ఇప్పటిదాంక ఎవ్వరినీ ముంచలే. ప్లాటు కొనేటోళ్లకు నేను ముందుగాల చెప్పేది ఒక్కటే. ఎండాకాలం చూసి మురవకుండ్రి, పెద్ద వాన పడ్డ తెల్లారి పోయి చూడుండ్రి. ఏజెంటు కార్ల పోవద్దు, ఆటోల పోవాలె. అక్కడ బర్లు మేపేటోళ్లను అడగాలె, వాళ్లకు కమీషన్ ఉండదు.

మా పక్క పోర్షన్ల కిరాయికుండే కాంతమణి టీచరమ్మ మాత్రం నన్ను అడగకుండనే అంతా షురూ చేసింది. బతుకంత బడిల లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఎన్ని ఇండ్లు మారిందో ఆమెకే యాదికి లేదు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలె. కుండీల ఉన్న మల్లెతీగను సొంత నేల మీద పెట్టుకోవాలె, గంతే ఆమె ఆశ. హరికిషన్ అనే ఏజెంటు సిటీ అవతల వెంచర్ల ప్లాటు చూపిస్తే, రిటైర్మెంటు పైసలన్నీ దాంట్లనే పెడ్తానని కూసున్నది.

రిజిస్ట్రేషన్ ఇంకో వారం ఉందనంగ మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి చెప్పింది. నాకు మస్తు కోపమొచ్చింది. గోడకు గోడ ఉండి నాకొక్క మాట చెప్పరా అని గయ్యిమన్న. ఆమె నవ్వింది. ఆ రాత్రే వాన దంచి కొట్టింది. తెల్లారంగనే ఆమెను లేపి, చాయ్ సుత తాగనీయకుండ ఆటో ఎక్కించిన.

పోయి చూస్తే ఏమున్నది? హద్దురాళ్ల తలకాయలు మాత్రమే కనబడుతున్నయి, మిగిలిందంత నీళ్లే. గట్టు మీద బర్లు మేపుతున్న ముసలాయనను అడిగిన. ఏటా గిట్లనే నిండుతదట. అది చెరువు శిఖమట, అంటే చెరువు నిండితే నీళ్లు పరుచుకునే జాగ. ఇల్లు కట్టినా సర్కారోళ్లు వచ్చి కూలగొడ్తరని చెప్పి, ఆయన తన బర్లెంట తాను పోయిండు.

వద్దని చెప్పేద్దాం, వాపస్ పోదాం పాండ్రి అన్న. టీచరమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"పోయిన ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను, దేవమ్మా. దేవుడు నాకు స్థలం ఇచ్చాడన్నాను. పాస్టరుగారు వచ్చి ఈ రాళ్ల మధ్యే ప్రార్థన చేశారు. ఇప్పుడు వద్దంటే మాట దేవుడి మీదకు రాదూ?"

నా ఒళ్లు మండింది. అంత చదువుకున్నామె, నలుగుర్ల మాట పోతదని నీళ్లల్ల ఇల్లు కడ్తదా? తిడదామనే నోరు తెరిచిన. ఆమె గదుమ వణుకుతున్నది. పానం చివుక్కుమన్నది నాకు. ఆమె దేవుని సంగతి నాకేం ఎరుక? అయినా తోచింది అన్న.

"రిజిస్ట్రేషన్ కంటే ముందుగాల వాన పంపింది ఎవరు, టీచరమ్మా?"

టీచరమ్మ మెల్లగ వచ్చి ఆటో ఎక్కింది. సగం తొవ్వ వచ్చినంక అసలు తక్లీఫ్ బయటపెట్టింది. ఆమె సాక్ష్యం విని, కుట్టుమిషన్ మీద బతికే ప్రిసిల్లా పక్క ప్లాటు కోసం ఒంటి మీది బంగారం అమ్మనీకి తయారైందట. ప్రిసిల్లా చెవుల సంగతి పడేస్తే అయిపోతది గదా అన్న. విన్నది ప్రిసిల్లా ఒక్కతే కాదన్నది టీచరమ్మ. ఎక్కడ చెప్పిందో అక్కడే చెప్పాలన్నది. ఇగ నేను నోరు మూసుకున్న.

ఆదివారం నన్ను తోడు రమ్మన్నది. చర్చిల ఆఖరి బెంచి మీద కూసున్న. పాట అయినంక, సాక్ష్యాలు చెప్పేటోళ్లు లేవమంటే ఆమె లేచింది. ముంగటి బెంచిని గట్టిగ పట్టుకున్నది.

"ఆ స్థలం దేవుడు ఇచ్చాడని చెప్పాను. సరిగ్గా చూడకుండానే చెప్పాను. అది చెరువు. నేను కొనడం లేదు. మీరు కూడా కొనకండి."

గంతే చెప్పి కూలబడ్డది. ముంగటి బెంచోళ్లు వెనకకు తిరిగి చూసిండ్రు. అప్పుడు ప్రిసిల్లా లేచొచ్చి, జాగ లేకున్నా ఆమె పక్కన ఇరికి కూసొని చెయ్యి పట్టుకున్నది. పాస్టరు కండ్లు మూసుకున్నడు. తర్వాత వానకు స్తోత్రం చెప్పిండు. నేను కొంగుతోని కండ్లు తుడుచుకున్న, సిగ్గేంది?

ఇల్లు ఇంకా దొరకలే. బోయిన్‌పల్లి దిక్కు రెండు ప్లాట్లు చూసినం. ఒకదానికి తొవ్వ లేదు, ఇంకోదాని మీద అన్నదమ్ముల లొల్లి ఉన్నది. టీచరమ్మ మల్లెతీగ ఇంకా కుండీలనే ఉన్నది, పూలు మాత్రం బాగనే పూస్తున్నది. ఇప్పుడు పెద్ద వాన పడ్డదంటే చాలు, నా తలుపు చప్పుడైతది. తీస్తే టీచరమ్మ, ఆమె వెనక ప్రిసిల్లా, ఆ వెనక చర్చి ఆడోళ్లు ఇంకో ఇద్దరు, అందరి చేతుల్ల గొడుగులు.

"వాన తగ్గింది, దేవమ్మా. చూసొద్దామా?"

చెప్పులు చేతిల పట్టుకొని నేను సుత బయలెల్త.