సాయిలు కింది పళ్లు

నాకు కోపం ఎక్కువ. తెనాలి నుంచి వచ్చి బాలానగర్‌లో పళ్ల ఆసుపత్రి పెట్టిన నాటి నుంచీ నా కేకలకు వైద్యానికొచ్చే కార్ఖానా పనివాళ్లు కూడా హడలిపోయేవారు. వాళ్ల మంచికేగా తిడుతున్నాను అని నా ధీమా.

డెబ్బై మూడులో హఫీజ్‌పేట నుంచి సాయిలు వచ్చాడు. పెళ్లిళ్లలో సన్నాయి వాయిస్తాడు. సైకిలు మీంచి పడి కింది ముందు పళ్లు నాలుగూ పోయాయి. పెదవికి దన్ను లేక స్వరం నిలవడం లేదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ఊదగానే కదిలిపోయేవి. బొంబాయిలో నేర్చుకొచ్చిన కొత్త వైద్యం మొదట అతనికే చేశాను. దవడ ఎముకలో సన్నటి గాడి తీసి, అందులో లోహపు రేకు దింపి, దాని మీద పళ్లు బిగించడం. మూడు నెలలకు సాయిలు మా గుమ్మం ముందు నిలబడి కల్యాణి వాయించాడు. నేను పొంగిపోయాను.

ఆరో నెల పరీక్షకు వచ్చినప్పుడు అతని జేబులో బీడీకట్ట కనిపించింది. నలుగురి ముందూ కడిగేశాను. "పొగ తాగితే ఎముక కరిగిపోతుందని చెప్పానా లేదా? బీడీ మానకుండా నా గడప తొక్కకు."

సాయిలు తలొంచుకుని వెళ్లాడు. రెండేళ్లు రాలేదు. బాగున్నాడు కాబట్టే రాలేదనుకున్నాను. ఎలా ఉన్నావని నేనూ ఒక కార్డు ముక్కైనా రాయలేదు.

మళ్లీ వచ్చిన రోజు, వేలు పెడితేనే రేకు ఊగింది. ఎక్స్‌రేలో దాని చుట్టూ ఎముక లేదు.

"బీడీలు మానలేదు కదూ?" అన్నాను.

"ఆ దినమే ఇడిసిన సారూ. మల్ల ముట్టలే."

అతని భార్య రుక్కమ్మ అందుకుంది. "ఏడాది కింద చిగురు కాడ నెత్తురొచ్చింది సారూ. బ్రష్షు తగిలే వస్తదని ఆడ తోముడు బంద్ చేసిండు. దవాఖానకు పోదాం పా అంటే, బీడీ తాగుతున్న అనుకొని సారు మల్ల నలుగురి ముందట తిడతడు, జర తగ్గినంక పోదమన్నడు."

నెత్తురొచ్చే చోటే ఇంకా శుభ్రంగా తోమాలి. అప్పుడు వచ్చి ఉంటే పాచి గీకి, ఆ మాట చెప్పి పంపేవాణ్ణి. పది నిమిషాల పని.

రేకు తీసేశాను.

"ఇంకోటి ఎయ్యరాదా సారూ?"

"వెయ్యడానికి ఎముక లేదు సాయిలూ."

"అయితే సన్నాయి ఇగ లేనట్టే."

నేను చేతులు కడుక్కున్నాను.

"తప్పు నాదే సారూ, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

కాదు, నాది అని చెప్పాల్సింది. చెప్పలేదు. అతను తప్పు తనదేనని నమ్మి రుక్కమ్మతో బస్సెక్కాడు.