పద్నాలుగో బండి

పద్నాలుగు వెళ్లాయన్నాను నేను. పదమూడే వచ్చాయన్నాడు డ్వేన్.

కొండ కనుమకి ఎగువ గేటు నాది, దిగువ గేటు డ్వేన్‌ది. మధ్యలో తొమ్మిది మైళ్లు. ఆ దారిలో నాలుగో మలుపు నెత్తిన అత్తగారు ఉంది. ఎప్పుడు ఊడిపడుతుందో తెలియదు కనక ఆ కొండవాలుకి మావాళ్లు పెట్టుకున్న పేరది. మూడు రోజులుగా కురిసిన మంచు అంతా దాని భుజాల మీదే కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ తగలకముందే ఫిరంగితో కొట్టి దాన్ని కిందికి దింపాలి. అందుకే పొద్దున గంటసేపు బండ్లని వదిలి, పదింటికి గేటు దించేశాను. దారిలో ఒక్క ప్రాణి కూడా లేదని తేలితే తప్ప ఫిరంగి పేల్చరు. అది తేల్చేది నా చేతిలోని కౌంటరు. బండి వెళ్తే బొటనవేలితో ఒక నొక్కు, టక్‌మని అంకె ఒకటి పెరుగుతుంది. మా రోడ్ల ఆఫీసు బండ్లు లెక్కలోకి రావు.

"ఇంకోసారి చూడు నోరీన్," అన్నాడు డ్వేన్ రేడియోలో.

"చూశాను. పద్నాలుగే."

"నేను పదమూడు మొహాలు చూశాను. కాఫీకి కూడా లేవలేదు, ఒట్టు."

ఫిరంగి దగ్గరున్న హాల్వర్సన్ మధ్యలో అందుకున్నాడు. "మీ ఇద్దరి పంచాయితీ తెగేలోపు ఎండ నెత్తికెక్కుతుంది. ఎలోయ్ ఉన్నాడా అక్కడ?"

ఎలోయ్ ఉన్నాడు. మంచు తోసే బండి మెట్టు మీద కూర్చుని టోర్టియా రొట్టెలో చుట్టుకున్న బీన్స్ తింటున్నాడు. అరవై దాటిన మనిషి. విన్నాడు కాబోలు, మూతి తుడుచుకుని లేచాడు.

"చూసొస్తాలే. ఎవడో ఊరుకాని ఊరివాడు, మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు కట్టుకోవడం రాక దారి పక్కన కూర్చుని ఏడుస్తుంటాడు."

"అత్తగారి కింద ఎక్కువసేపు ఆగకు."

"సొంత అత్తగారి కిందే నలభై ఏళ్లు బతికాను తల్లీ. ఇదో లెక్కా?"

వెళ్లాడు. నేను గేటు గదిలో కూర్చుని, వెళ్లిన బండ్లని ఒక్కొక్కటే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. పదమూడు వరకు తేలిగ్గానే వచ్చాయి. పద్నాలుగోది మాత్రం అడిగినకొద్దీ తయారైంది. మొదట ఒక బూడిదరంగు. తర్వాత వెనక అద్దానికి అంటుకున్న మంచు. తర్వాత లోపల ఒక ఆడమనిషి, మెడలో ఎర్ర మఫ్లరు. ఆమెని నిజంగా చూశానో, అవసరం కొద్దీ అల్లుకున్నానో తెలియలేదు. కానీ ఆమె చలికి చేతులు నలుపుకోవడం స్పష్టంగా కనిపిస్తోంది. మనసుని ఏదైనా గట్టిగా అడిగితే లేదని చెప్పదు. ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెడుతుంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. నాలుగో మలుపు దగ్గర రాతిగోడ అడ్డం, రేడియో అందదు. ఎలోయ్ గొంతు లేదు.

గేటు ముందు గడ్డి మోపులేసుకున్న పాత పికప్పు ఒకటి వచ్చి ఆగింది. నడిపేవాడు స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. ఇక్కడివాళ్ల పలకరింపు అంతే. కిటికీలోంచి నేనూ కౌంటరున్న చేతి వేలు కదిపాను.

టక్‌మంది.

చేతిలోకి చూసుకున్నాను. పదిహేను.

పొద్దున బండ్ల వరస మధ్యలో ఎలోయ్ కూడా దూరాడు. మొదటి మైలు మంచు తోసి తిరిగొచ్చాడు. వెళ్తూ నా వైపు వేలెత్తే ఉంటాడు, రోజూ ఎత్తుతాడు కనక. నేనూ వేలు కదిపి, తెలియకుండానే నొక్కి ఉంటాను.

హాల్వర్సన్‌కి చెప్పాను.

"అంటే ఎలోయ్ ఎవడి కోసమైతే వెళ్లాడో వాడు ఎలోయేనా? ఖాయంగా చెప్పు."

"ఇప్పుడు నా వేలు నొక్కింది. పొద్దున నొక్కిందో లేదో వేలికే తెలియాలి."

"బాగుంది. ఆయన్ని పిలవడానికి నాకూ దారిలేదు."

పదకొండు ముప్పావు. పికప్పు వాడికి కదలొద్దని చెప్పి, గేటెత్తి, నా కారులో లోపలికి వెళ్లి, మళ్లీ దించాను. అలా వెళ్లకూడదు. వెళ్లకుండా కూర్చోవడం కూడా నావల్ల కాలేదు.

నాలుగో మలుపులో మంచు తోసే బండి ఆగి ఉంది. రోడ్డు అంచు మీద కారంత మంచుదిబ్బ. కింద బండేమైనా పూడిందేమోనని ఎలోయ్ దానిలో పొడవాటి కడ్డీ గుచ్చి చూస్తున్నాడు. పైన అత్తగారి మీద సగానికి ఎండ వచ్చేసింది.

"నీకేమైనా పిచ్చా? ఎందుకొచ్చావ్?"

"పద్నాలుగో బండి నీదే ఎలోయ్. నువ్వు వేలెత్తావు, నేను నొక్కేశాను."

ఆయన నా వంకా దిబ్బ వంకా చూశాడు.

"అయితే ఇందాకట్నుంచీ నన్ను నేనే వెతుక్కుంటున్నానా?"

"అవును."

"కాస్త ముందు చెప్తే బండిలో అద్దం చూసుకుని వచ్చేసేవాణ్ణి కదే." నవ్వబోయి ఆగాడు. "ఖాయమేనా?"

ఖాయమే అనాలి. ఆ ఒక్క మాట అంటే ఇద్దరం బతికి బయటపడతాం. నోటిదాకా వచ్చింది. అంతలో ఆ దిబ్బ లోపల ఎవరో చేతులు నలుపుకున్నట్టనిపించింది.

మాట్లాడకుండా ఆయన బండిలోంచి రెండో కడ్డీ తీసుకున్నాను.

అడుగుకో పోటు. ప్రతి పోటుకీ కడ్డీ మెత్తగా దిగి, చివర తారు రోడ్డుకి తగిలి మోగుతోంది. పైనెక్కడో మంచు లోపల బరువుగా ఏదో కుంగిన శబ్దం వచ్చింది. ఎలోయ్ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంకా ఏడు పోట్లు. ఆరు. ఏదైనా మెత్తటిది తగలాలని కోరుకుంటున్నానా, తగలకూడదనా? రెండూ ఒకే భయంలా ఉన్నాయి. చివరి పోటూ తారుకే తగిలింది.

"ఇప్పుడు?" అన్నాడు.

"ఖాయం."

డ్వేన్ గేటు దాకా ఎలా వచ్చామో నాకు గుర్తులేదు. అతను నా కిటికీలోకి వంగాడు. "మీ వెనక ఎవరైనా ఉన్నారా?"

వెనక్కి తిరిగి చూశాను. తెల్లటి దారి.

"లేరు."

హాల్వర్సన్ రేడియోలో పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆగమని చెప్పడానికి మైకు మీట మీద నా చెయ్యి ఉంది. మూడు అనేసరికి చెయ్యి తీసేశాను.