ఏడో చేప

"మావాడు ముళ్లు తీసి పెడితేనే తింటాడమ్మా. ఇక ఆ పూచీ నీదే," అంది అత్తగారు పెళ్లినాడే. వాంచాకో ఊళ్లో సముద్రపొడ్డున పూటకూళ్ల ఇంట్లో కూర్చుని నెరీదా అదే పని చేస్తోంది. తన పళ్లెంలో చేప చల్లారిపోయింది. అయినా ఆమెకు అంతా సరదాగానే ఉంది.

"అటు చూడు, ఆ గూడబాతు! రెల్లు పడవ తన తాతదన్నట్టు కూర్చుంది."

"నీకు ప్రతిదీ వింతే," నవ్వాడు విల్దెర్.

పెళ్లై ఇరవై రోజులు. కంటపడిన ప్రతి ముచ్చటా అతని చెవిన వేయకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఇవాళ అన్నిటికన్నా పెద్ద ముచ్చట మిగిలి ఉంది. చాన్ చాన్ పాత మట్టికోటలో తను మూడేళ్లు పనిచేసిన గోడ చూపించాలి. సెలవు అయిపోయింది, సోమవారం మళ్లీ పనిలో చేరాలి.

బస్సెక్కి కోట దగ్గర దిగి, ఇసుకలో పావుగంట నడిచి గోడ చేరారు. గోడంతా బారులు బారులుగా మట్టి చేపలు.

"వెయ్యేళ్ల కిందటి చేతులు. ఎంత ఓపికో వాళ్లకి," అన్నాడు విల్దెర్.

"వాళ్ల గోడ లోపలుంది. గాలికి రాలిపోకుండా దానిమీద మేం ఇది కట్టాం. ఈ వరసలో ఏడో చేప నాది."

"నాలుగు ముద్దలు మెత్తి నాదంటే ఎలా?"

ఆమె కూడా నవ్వబోయింది. ఇంతలో మేస్త్రీ ఉబాల్దీన మట్టిచేతులతోనే వచ్చింది.

"వచ్చావా పిల్లా? నువ్విక పనిలోకి రావని మీ ఆయన ఫోన్ చేశాడుగా. నీ చోట్లోకి ఇంకో అమ్మాయిని చూస్తున్నా."

నెరీదా భర్త వైపు తిరిగింది.

"ఇంటికెళ్లాక చెబుదామనుకున్నా," అన్నాడతను, ఆమె జుట్టు చెవి వెనక్కి సర్దుతూ. "అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇంట్లో మనిషి ఉండాలి. పైగా మట్టిలో కలిపే ఆ నాగజెముడు జిగురు వాసన కొత్తపెళ్లికూతురి చేతులకి బాగుంటుందా? నీ మంచికేగా."

కసిరి ఉంటే ఎదురు తిరిగేది. ఇంత మెత్తగా, ఇంత ప్రేమగా అన్నవాడితో ఎలా పోట్లాడాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మూడేళ్లు ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో పొలుసు మీద పొలుసు దిద్దిన తనని తీసేయడానికి ఒక్క ఫోను సరిపోయింది. ఆ ఫోను చేసినప్పుడు తను ఎక్కడుందో? వంటింట్లో అతని కాఫీ కలుపుతూ పాట పాడుకుంటూ ఉండి ఉంటుంది.

అతను ఫొటో తీయడానికి కోట వాకిలి దగ్గరికి నడిచాడు.

"అక్కా, ఆ అమ్మాయికి మాటిచ్చేశావా?"

"ఇంకా లేదు."

"ఇవ్వకు. సోమవారం ఏడింటికి వస్తాను."

"మరి మీ ఆయన?"

నెరీదా ఏడో చేప పొలుసుల మీది ఇసుకను బొటనవేలితో తుడిచింది.

తిరుగు బస్సులో విల్దెర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఏదైనా చెప్పు. నువ్వు మాట్లాడకపోతే నాకు తోచదు."

"ఏం లేదు," అంది నెరీదా. పెళ్లయ్యాక అతనికి చెప్పకుండా ఆమె దాచుకున్న మొదటి సంతోషం అది.