పదకొండు దోషాలు, రెండు గుణాలు

ముప్పై నాలుగేళ్లు చోడవరంలో భౌతికశాస్త్రం బోధించిన నాకు పేపర్లు దిద్దడంలో ఒక నియమం ఉండేది. నాసిరకం జవాబుపత్రానికి మార్కు వేసి పక్కన పెట్టేసేదాన్ని. బాగా రాసినదాన్ని మాత్రం ఎర్రసిరాతో నింపేదాన్ని. దిద్దితే ఇంకా బాగుపడేదాన్నే దిద్దాలని నా నమ్మకం. నా దగ్గర చదువుకున్నవాళ్లకు ఇది తెలుసు. కాగితం మీద ఎరుపు లేకపోతే వాళ్ల ముఖాలు వాడిపోయేవి. ఈ నియమం తెలియని మనిషి చేతిలో నా దిద్దుబాటు పడితే ఏమవుతుందని ఎన్నడూ ఆలోచించలేదు. జరిగినదానికి మొదటి కారణం అదే.

రెండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పరదేశి కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బుచ్చయ్యపేట వైపు అతనికి మూడెకరాల చెరకు, ఒక బెల్లం గానుగ ఉన్నాయి. కూతురు ఝాన్సీ నా దగ్గర చదువుకున్న పిల్ల కాదు, అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసింది. స్నేహితులను పోగేసి, ఫోన్‌తో ఇరవై రెండు నిమిషాల సినిమా తీసింది. విశాఖపట్నంలో సినిమా చదువు చెప్పే ఒక కాలేజీలో చేరతానంటోంది. ఆ చదువు సంగతి తనకు తెలియదనీ, ఇంట్లో ఎవరికీ తెలియదనీ, తాను ఎరిగినవాళ్లలో బాగా చదువుకున్న మనిషిని నేనేననీ పరదేశి చాలాసేపు వివరించి, చివరికి అసలు మాటకు వచ్చాడు.

"మీరు సూసి మంచీ సెడ్డా కాగితం మీద రాసియ్యండి మేడమ్. బాగుందంటే గుంటని ఇశాపట్నం పంపుతాను. లేదంటే ఇక్కడే డిగ్రీలో జేరుపుతాను. మీ మాటే మాట."

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. వినలేదని ఇప్పుడు చెప్పుకోలేను.

ఝాన్సీ ఫోన్ నా చేతికిచ్చి, తాను వరండాలోనే నిలబడిపోయింది. చెరకు తోటలో ఆకాశం నుంచి ఒక లోహపు గోళం పడుతుంది. దాన్ని ముట్టుకున్న నలుగురు ఇంటర్ పిల్లలకు తమ మీద భూమి ఆకర్షణను తగ్గించుకునే శక్తి వస్తుంది. గోళాన్ని వెతుక్కుంటూ వచ్చిన కంటికి కనిపించని జీవితో వాళ్లు పోరాడతారు. కథ ఇంతే. రెండుసార్లు చూశాను. రెండోసారి కలం పట్టుకుని చూశాను.

కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు గుణాలు, కుడివైపు దోషాలు అని రాశాను. దోషాలు పదకొండు వచ్చాయి. ఆ జీవి వచ్చిన అంతరిక్ష నౌక ఇంజను మోత శూన్యంలో వినిపించింది. ఒకే పోరాటంలో నీడలు ఒకసారి తూర్పుకు, మరుక్షణం పడమరకు పడ్డాయి. మూడోది: ఆకర్షణ తగ్గి పిల్ల గాలిలోకి లేచింది గాని, ఆమె కాళ్ల వెంట లేచిన దుమ్ము మామూలుగానే నేలకు దిగింది. ఆ జీవికి గోళంతో ఏం పనో ఎవరూ చెప్పలేదు. నాయిక ఎక్కడా భయపడదు. భయమెరుగని మనిషి గెలిస్తే చూసేవాళ్లకు మిగిలేది తక్కువ. ఇలా ప్రతిదానికీ కారణం రాసి, సరిచేసుకునే మార్గం కూడా సూచించాను. ఎడమవైపు మాత్రం రెండే వాక్యాలు: చెరకు తోట దృశ్యం బాగుంది. నిడివి సరిపోయింది.

నిజానికి ఆ తోట దృశ్యం చూసినప్పుడు నా వెన్ను నిటారైంది. తోట అంతా కదలకుండా ఉంటుంది. గాలి లేదు. ఒకే ఒక్క గీతలో చెరకు ఆకులు పాయలుగా విడిపోతూ, ఆ చీలిక నాయిక వైపు వస్తుంది. జీవిని చూపించే స్తోమత లేక, ఝాన్సీ దాని రాకను మాత్రమే చూపించింది. గొప్ప ఆలోచన. లోపం లేనిచోట దిద్దడానికేమీ ఉండదు కనుక దాని గురించి ఇంకేమీ రాయలేదు. కాగితం మడిచి పరదేశికి ఇచ్చాను. నోటితో ఒక్క మాట చెప్పి ఉన్నా సరిపోయేది. చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందని వాకబూ చేయలేదు.

ఈ ఏడు గానుగ మొదలయ్యాక, కొత్త బెల్లం తినడానికి రమ్మని పరదేశి కబురు పెట్టాడు. వెళ్లేసరికి ఝాన్సీ పొయ్యి దగ్గర రసం మీది తెట్టు తీస్తోంది. విశాఖ నుంచి సెలవులకు వచ్చావా అని అడిగాను. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తాను చోడవరంలోనే బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నానని ఆమె చెప్పింది. భౌతికశాస్త్రం తీసుకుందట.

పరదేశి ఇంట్లోకి వెళ్లి, పొలం పాసు పుస్తకం ఉంచే సంచిలోంచి నా కాగితాన్ని తెచ్చాడు. "మీ సేతిరాత గదా, పాడవకండా లామినేషన్ సేయించేను" అన్నాడు. అతని గొంతులో కృతజ్ఞత తప్ప మరేమీ లేదు. "సదివేనండి. సెడ్డ పదకొండు, మంచి రెండు. ఇంకేటి ఆలోసించాలి? గుంటని తప్పుదారిలో ఎల్లకండా కాసేరు."

నా పద్ధతి అది కాదని, అన్ని దోషాలు రాశానంటే ఆ సినిమాను అంతగా లెక్కచేశాననే అర్థమని అతనికి వివరించబోయాను. మర్యాదగా తలూపాడు. రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన వివరణకు అంతకంటే ఏం చేస్తాడు?

ఆ సినిమా ఇంకొకసారి చూపించమని ఝాన్సీని అడిగాను.

"డిలీట్ చేసేసేనండి. ఫోన్‌లో స్పేస్ చాల్లేదు, క్లాసు వీడియోలు పెట్టుకోవాలి."

మిగిలిన పిల్లల దగ్గరా లేదట. ఆ చెరకు ఆకులను ఎలా కదిలించావని అడిగాను. మొదటిసారి నవ్వింది.

"మా ఫ్రెండు సాయికిరణ్ గాడు గడల మధ్యన తాడు లాక్కుంటూ పాకేడండి. ఆకు కోసేసి ఒళ్లంతా మంట. రెండ్రోజులు స్నానమే చెయ్యనన్నాడు."

ఇప్పుడు శాస్త్రం వచ్చింది కదా, మళ్లీ తీయవచ్చు కదా అన్నాను.

"ఇప్పుడైతే ఆ తప్పులు రావండి" అంది. తెట్టు తీసే గరిటె పక్కన పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "కానీ తియ్యాలనిపించట్లేదు." కాగితాన్ని చేతిలోకి తీసుకుని, కొంచెం తటపటాయించి, మూడో దోషం మీద వేలు పెట్టింది. "ఇది మాత్రం తప్పు కాదు కదండీ. శక్తి ముట్టుకున్నవాళ్లకే వస్తాది. దుమ్ము ముట్టుకోలేదు."

నేను కాగితం అందుకుని మళ్లీ చదివాను. ఆమె చెప్పిందే సరైనది. దుమ్ము అలాగే దిగాలి. తెలిసో తెలియకో పదిహేడేళ్ల పిల్ల సరిగ్గా చూపించినదాన్ని నేను దోషమని రాశాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు రాసేరంటే తప్పే అయ్యుంటాదనుకున్నానండి."

నా చేతిసంచిలోంచి కలం తీశాను. మూడో దోషాన్ని కొట్టివేసి, ఎడమవైపు ఖాళీలో అదే వాక్యాన్ని గుణంగా రాయాలని. ప్లాస్టిక్ మీద కలం జారింది. నొక్కి గీస్తే, ఒక చుక్క సిరా మాత్రం పైన నిలిచింది. ఝాన్సీ నా చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుని, తువ్వాలు అంచుతో ఆ చుక్కను తుడిచేసి, తండ్రికి ఇచ్చింది.