ఆదివారం గిరాకీ

తప్పు మీదే, ఇళ్లు కట్టించి అమ్మించే పెద్దలారా. పునాది తీయకముందే కొండంత రేటు పలికించినవాళ్లదీ, ఉండటానికి కాకుండా ఉంచుకోవడానికి ఇళ్లు కొనిపించినవాళ్లదీ, "ఈ రోజు వదిలితే రేపు దొరకదు" అని ఊదరగొట్టి, తీరా ధరలు జారేసరికి అద్దాల గదుల్లో దూరి తలుపు వేసుకున్నవాళ్లదీ తప్పు. ఇంత కంగాళీ చేసి, జవాబు చెప్పుకునే పని ఎవరి నెత్తిన పెట్టారు? మెడలో కార్డు వేసుకుని గేటు దగ్గర ఎండలో నిలబడి, పోయే ప్రతి కారుకూ పళ్లికిలించే ఏజెంటు నెత్తిన. అలాంటి ఒక ఏజెంటు ఒక్క ఆదివారం పడిన తికమక ఇది. వినండి. విని సిగ్గుపడమని అడగను, అలవాటు లేని పని చెప్పడం న్యాయం కాదు.

ఆఫీసులో అందరూ ఆవిడను తాళాలక్క అంటారు. రెండు బ్లాకుల్లో ఉన్న తొంభై ఆరు ఫ్లాట్ల తాళాలూ ఆవిడ నడుముకే వేలాడతాయి. మనిషి కనపడే ముందు గలగల వినపడుతుంది. పదకొండేళ్లుగా ఇళ్లు అమ్ముతోంది. మంచి రోజుల్లో జనం ఆవిడ ఫోన్ నంబరు కోసం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకునేవారు. ఇప్పుడు ఏడు నెలలైంది, ఆవిడ చేతి మీదుగా ఒక్క ఫ్లాటూ కదల్లేదు. ఈగలు తోలుకుందామన్నా ఏసీ గదిలో ఈగలు కూడా లేవు. మొగుడు తలుపులు చేసే వర్క్‌షాపులో పనివాడు. ఇళ్లే లేవకపోతే తలుపులెవరికి? అది మూతపడింది. ఇంట్లో పొయ్యి వెలిగేది తాళాలక్క జీతంతోనే.

శుక్రవారం మేనేజర్ పిలిచాడు. వయసులో ఆవిడకంటే చిన్నవాడు, మాటలో మాత్రం తాతముత్తాత.

"అక్కా, ఈ ఆదివారం సాయంత్రంలోపు మీ పేరు మీద ఒక్క బుకింగ్ పడాలి. నిజం బుకింగ్."

"నిజం బుకింగ్ అంటే ఏంటి సార్?"

"అంటే మనిషి వచ్చి చెక్కిచ్చి కొనేది. పడకపోతే సోమవారం పొద్దున తాళాలు టేబుల్ మీద పెట్టేసి వెళ్దురుగాని."

నిజం బుకింగ్ అంటే ఏమిటని అడగాల్సి వచ్చిందేమని మీరు నవ్వుతారేమో. నవ్వకండి. జనం లేని కొట్టుకు జనం రారు. అందుకని ఆ ఆఫీసులో ఆదివారమొస్తే ఏజెంట్లు తలా నలుగురిని వెంటేసుకు రావాలి. తమ్ముళ్లు, మరదళ్లు, పక్కింటివాళ్లు, ఎవరైనా సరే. వాళ్లు కొనేవాళ్లలాగా హాల్లో తిరగాలి, గోడలు తట్టి చూడాలి, "అయ్యో, ఐదో అంతస్తు అయిపోయిందా!" అని పైకి వినపడేలా అనాలి. టీ, బిస్కెట్లు, ఆటో ఖర్చు కంపెనీవి. గోడకు సున్నం పూసినట్టు హాలుకు పూసే మనుషులు కాబట్టి వాళ్లకు పూతజనం అని పేరు పడింది. ఏజెంట్లు ఒకరు తెచ్చిన పూతజనం మీద ఇంకొకరు గొంతు చించుకోకుండా ఒక గుర్తు పెట్టుకున్నారు. పూతజనం బ్రోచర్‌ను గొట్టంలా చుట్టి పట్టుకోవాలి. నిజంగా కొనేవాడు విప్పి చదువుతాడు కదా, అదీ లెక్క.

ఆ ఆదివారం హాలు కిటకిటలాడింది. తాళాలక్క తన వంతుగా తోటికోడలిని, ఆమె ఇద్దరు స్నేహితురాళ్లను తెచ్చింది. తోటికోడలికి ఇది నాలుగో ఆదివారం. ఆకుపచ్చ సంచి భుజాన వేసుకుని, వచ్చీ రాగానే వంటింటి గట్టు ఎత్తు మీద గొడవకు దిగింది.

"ఇంత ఎత్తా? మా అత్తగారైతే స్టూలెక్కి కూర కలపాలి. రెండంగుళాలు దింపుతానంటేనే నాకు ఆ నాలుగో అంతస్తు ఫ్లాటు రాయండి!"

"మెల్లగా తల్లీ," అని తాళాలక్క చెవిలో అంది. "నువ్వు కొనేదేం లేదు."

"ఆ సంగతి నాకు తెలుసు. గట్టుకి తెలీదుగా!"

అంతలో గుమ్మంలో ఒక జంట కనపడింది. బ్రోచర్ విప్పి ఉంది. మొగాయన జేబులోంచి కొలత టేపు తీశాడు. తాళాలక్క ప్రాణం లేచి వచ్చింది. రెండు గంటలసేపు వాళ్ల వెంట తిరిగింది. ఎండ ఎటు పడుతుంది, నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, పైపులు ఏ కంపెనీవి, అన్నీ చెప్పింది. తెలిసినవి చెప్పింది, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పింది. ఆయన ప్రతి గోడా కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఇక చెక్కు గురించి అడుగుదామని నోరు తెరిచేసరికి వెనకనుంచి మైకు నవ్వాడు. మైకు అంటే తోటి ఏజెంటు. గొంతు అలాంటిది.

"ఏంటక్కా, మా బావమరిదికి ఇల్లు కట్టబెట్టేస్తున్నావా? వాడి ఇంటి అద్దే నేను కడుతున్నా!"

"మీ బావమరిదా? మరి బ్రోచర్ చుట్టలేదేం?"

"చుట్టమని చెప్పడం మర్చిపోయా. టేపు మాత్రం వాడి సొంత తెలివి. వేషం వేస్తే ఒళ్లు తెలీదు వాడికి."

బావమరిది సిగ్గుపడుతూ టేపు చుట్టుకున్నాడు. "కానీ పడగ్గదిలో నాలుగంగుళాలు తేడా వస్తోందండీ," అన్నాడు, ఊరుకోలేక.

తాళాలక్క కళ్లు బైర్లు కమ్మాయి. హాలంతా కలయజూసింది. వీళ్లలో ఎవరు ఎవరు? కిటికీ దగ్గర ముసలాయన బ్రోచర్ చుట్టలేదు. అయితే నిజమా, లేక చుట్టమని ఎవరో మర్చిపోయారా? మూల నిలబడిన కుర్రదాని చేతిలో బ్రోచరే లేదు. దాన్నేమనుకోవాలి? గోడ మీద పెద్ద బోర్డు, అమ్ముడైన ఫ్లాట్లకు ఎర్ర బిళ్లలు. తొంభై ఆరింట్లో అరవై ఒకటి ఎర్రగా ఉన్నాయి. అందులో నిజంగా అమ్ముడైనవి పద్నాలుగే. మిగతావి తనే అంటించింది. ఏవేవి తను అంటించినవో ఇప్పుడు తనకే గుర్తు లేదు. ఒకాయన తలెత్తి పైకి చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు ఎవరి మనిషివి బాబూ?"

"నేను ఏసీ బాగుచెయ్యడానికొచ్చానండీ."

ఇక అక్కడ నిలబడలేక లిఫ్టెక్కి నాలుగో అంతస్తులోని మోడల్ ఫ్లాటుకు వెళ్లింది. జనానికి చూపించడానికి సింగారించి పెట్టిన ఫ్లాటది. పడగ్గదిలో మంచం అంచున ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. ముంజేతి మీద కాలిన మచ్చలు. బ్రోచర్ పిడికిట్లో గొట్టంలా చుట్టి ఉంది.

హమ్మయ్య, పూతజనమే అనుకుంది తాళాలక్క. చెప్పులు విడిచి, పక్కనే చతికిలబడింది.

"అలా అంచున కూర్చుంటావేం, వెనక్కి జరిగి కూర్చో. ఇక్కడ ఎవరూ చూడరులే. ఎవరి తరఫున వచ్చావు?"

"మా చెల్లెళ్ల తరఫున," అందావిడ.

"మంచిది. టీ తాగావా?"

"ఇచ్చారు. మంచం బాగుందండీ. గది ఎంత పెద్దగా ఉందో!"

"గది పెద్దది కాదు తల్లీ, మంచం చిన్నది!" తాళాలక్కకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పడుకుని చూడు, కాళ్లు గాల్లో వేలాడతాయి. వడ్రంగికి చెప్పి జానెడు తగ్గించి చేయించారు. తలుపులున్నాయా చూశావా? పీకేశారు. తలుపు రెక్క తెరుచుకుంటే గదిలో చోటెంత ఉందో తెలిసిపోతుందని. మా ఆయన తలుపులు చేసేవాడు, ఆయనైతే గుమ్మంలోనే కనిపెట్టేవాడు. కింద ఎర్రబిళ్లలు చూశావుగా? నేనంటించినవే. రెండో బ్లాకు లిఫ్టుల కాంట్రాక్టరు మూడు నెలల కిందటే మూటాముల్లె సర్దుకుని పోయాడు. వచ్చే నెల రేటు ఇంకా దిగుతుంది. ఈ మాట పైవాళ్లందరికీ తెలుసు. అందుకే ఈ నెలలోనే అంటగట్టమని మా పీకల మీద కూర్చున్నారు."

ఆవిడ చుట్టిన బ్రోచర్‌ను ఒళ్లో పెట్టుకుంది.

"ఏమ్మా, ఆకుపచ్చ సంచీ ఆవిడ ఈ ఫ్లాటు కొనేసిందా?" అని అడిగింది.

"ఏ ఆకుపచ్చ సంచి?"

"వంటింటి గట్టు గురించి కొట్లాడుతుంది చూడు. పోయిన ఆదివారం కూడా కొట్లాడింది. ఆవిడ ఎక్కడ తన్నుకుపోతుందోనని వారమంతా నాకు నిద్ర లేదు. మా ముగ్గురక్కచెల్లెళ్లదీ ఇస్త్రీ దుకాణం. వెనక గదిలోనే ఉంటాం. వేసవిలో ఆ బొగ్గుల వేడికి గోడకు వీపు ఆనించలేం. ఇక ఆగొద్దని నిన్న ముగ్గురం అనుకున్నాం." ఆవిడ జాకెట్టులోంచి మడతపెట్టిన కవరు తీసింది. "చెక్కు తెచ్చా."

తాళాలక్క ఒకసారి కవరునీ, ఒకసారి బ్రోచర్‌నూ చూసింది.

"మరి... ఆ బ్రోచర్ అలా చుట్టావేం?"

"ఇస్త్రీ చేతులు కదమ్మా, చెమట పడతాయి. రంగు అంటుకుంటుందని."

కుడితిలో పడ్డ ఎలుకలాగైంది తాళాలక్క పని. ఏడు నెలలుగా ఎదురుచూసిన కవరు జానెడు దూరంలో ఉంది. "తమాషాకి అన్నానండీ" అంటే చాలు. పదకొండేళ్ల నాలుక, అంతమాత్రం అబద్ధం ఆడలేకపోదు. సోమవారం తాళాలు నడుమునే ఉంటాయి. కానీ ఏది తమాషా? కింద చెప్పేదా, ఇప్పుడు చెప్పిందా? నిజం చెబుతున్నానని తెలియకుండానే నిజం చెప్పేస్తే అది ఎవరి ఖాతాలోకి పోతుంది?

"ఇంతకీ కింద వాళ్లు చెప్పింది నిజమా, నువ్వు చెప్పింది నిజమా?" అంది ఇస్త్రీ ఆవిడ. "నాకు చదువు లేదు. నువ్వు చెబితే వింటా. కొనమంటావా, వద్దంటావా?"

కొనమనే మాట గొంతుదాకా వచ్చి ఆగింది. వద్దనే మాటా రాలేదు, ఎన్నేళ్లయిందో ఆ మాట పలికి. అంతలో మేనేజర్ వచ్చాడు. వెనకే మైకు. మేనేజర్ కన్ను కవరు మీద పడింది, ముఖం చాటంతైంది.

"శభాష్ అక్కా! మేడమ్, సరైన నిర్ణయం. ఈ ఫ్లాటుకి కింద ఇంకో పార్టీ రెడీగా ఉంది, తెలుసా?"

"ఈవిడ మంచం చిన్నదంటోంది," అంది ఇస్త్రీ ఆవిడ.

"అక్కది వెటకారం మేడమ్, పట్టించుకోకండి."

ఇస్త్రీ ఆవిడ మేనేజర్ వైపు చూడలేదు. మంచం మీద వాలి, కాళ్లు చాపింది. మడమలు రెండూ గాల్లో వేలాడాయి. లేచి, చీర సర్దుకుని, తాళాలక్క వైపే చూసింది. మొట్టికాయ వేసినట్టున్న ఆ చూపుకి తాళాలక్క లేచి నిలబడింది.

"ఒక్కసారి కిందికి రండి," అంది. ఎందుకు రమ్మంటోందో తనకే తెలియదు. చెప్పులు అక్కడే మర్చిపోయి లిఫ్టెక్కింది.

హాలు మధ్యకు వెళ్లి చప్పట్లు చరిచింది. అందరూ తిరిగి చూశారు.

"ఇక్కడ నిజంగా ఇల్లు కొందామని వచ్చినవాళ్లు చెయ్యెత్తండి!"

ముప్ఫై మంది ముఖముఖాలు చూసుకున్నారు. ఇస్త్రీ ఆవిడ చెయ్యెత్తింది. అంతే. ఇక లేదనుకుంటుండగా ఆకుపచ్చ సంచి పక్కనుంచి ఇంకో చెయ్యి మెల్లగా లేచింది.

"నువ్వెందుకే?" అంది తాళాలక్క.

"ఏమో అక్కా," అంది తోటికోడలు, ఏడుపు ముఖంతో. "నాలుగు వారాల్నుంచి నాదేనని కొట్లాడుతున్నా. నాదే అనిపిస్తోంది. ఎత్తకూడదా?"

మైకు బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నిజంగా అంటే ఎంతవరకండీ?" అని అడిగాడు. ఏసీ మెకానిక్ చెయ్యి సగం ఎత్తి, దించేశాడు. కిటికీ దగ్గర ముసలాయన మాత్రం బ్రోచర్‌ను విప్పాలో చుట్టాలో తేలక నిలబడిపోయాడు.

ఇస్త్రీ ఆవిడ ఆకుపచ్చ సంచిని, దాని వెనక మనిషిని ఎగాదిగా చూసింది. "ఈవిడ నీకేమవుతుంది?"

"తోటికోడలు," అంది తాళాలక్క. "నేనే తెచ్చా. వారమంతా నీకు నిద్ర పట్టకుండా చేసింది ఈవిడ కాదు, నేను. వద్దు, కొనొద్దు." మాట వచ్చింది. వచ్చాక అది అంత బరువేం కాదనిపించింది.

కవరు తిరిగి జాకెట్టులోకి పోయింది.

"అక్కా, తమాషా చాలు," అన్నాడు మేనేజర్ పళ్ల మధ్యనుంచి. "రేపు పొద్దున ఏం జరుగుతుందో తెలుసుగా?"

తెలుసు. ఆవిడకు ఆ పూట తెలిసింది అదొక్కటే. తను మంచి చేసిందో ముంచిందో తెలియదు, ఇంటికెళ్లి మొగుడికి ఏం చెప్పాలో తెలియదు. కానీ మోసపోబోయింది ఈ ఇస్త్రీ ఆవిడ ఒక్కతేనా? పోయిన ఆదివారం, అంతకుముందు ఆదివారం, ఈ గుంపును చూసి హడలిపోయి సంతకం పెట్టినవాళ్ల సంగతేంటి?

"రేపటి సంగతి రేపు. ఇవాళ్టిది చూడండి," అంది. "రిజిస్టర్ తెప్పించండి సార్. నిజంగా కొన్న పద్నాలుగు మందిలో ఆదివారాలు కొన్నవాళ్లు ఎంతమందో తీయండి. ఒక్కొక్కరికీ ఇక్కడే, వీళ్లందరి ముందే ఫోన్ చెయ్యండి. ఆ రోజు మీ చుట్టూ ఉన్న జనం మేం తోలుకొచ్చిన జనం అని చెప్పండి. రెండో బ్లాకుకి లిఫ్టు లేదని చెప్పండి. వద్దన్నవాళ్ల డబ్బు వాళ్లకి ఇచ్చెయ్యండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. నంబరు నేను చదువుతా, మీరు నొక్కండి."