పగ మరిచిన మనిషి

రాములు ఎవరినీ నమ్మే మనిషి కాదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నన్నాళ్లు ఆ గుణమే ఆయనకు పేరు తెచ్చింది. ఇంట్లో మాత్రం అందరినీ కాల్చుకు తింది. భార్య పక్కింటామెతో నవ్వితే తన గురించే అనుకునేవాడు. కందిలో ఉండే తమ్ముడు లింగం పొలం గట్టు జరిపాడని మాటలు మానేశాడు. కూతురి పెళ్లికి అతన్ని పిలవలేదు, భార్య చావుకు రానివ్వలేదు. ఆమె పోయాక కూతురు దేవమ్మ ఇంటికి చేరాడు. అక్కడా అంతే. వండిన కూర ముందు దేవమ్మ తిని చూపిస్తే గాని ముద్ద ముట్టేవాడు కాదు.

అందుకే వానాకాలం నుంచి తాళంచెవులు ఎత్తుకుపోయారనీ, చెప్పులు మార్చారనీ రభస చేస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు.

"మామ ఎప్పుడూ గింతే గదా" అన్నాడు దేవమ్మ భర్త నర్సింహ.

ఒకనాడు పొద్దున బీడీలకని వెళ్లిన రాములు మధ్యాహ్నమైనా రాలేదు. దేవమ్మ బస్టాండు, కల్లు దుకాణం, ఫ్యాక్టరీ గేటు అన్నీ వెతికింది. హైవే మీద లారీ బ్రేకు కీచుమన్నప్పుడల్లా ఆమె ప్రాణం పోయి వచ్చింది. చివరికి పక్కింటి ఫోనుకు లింగం కబురు చేశాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. అన్న మా ఇంట్లనే ఉన్నడు."

దేవమ్మ దొరికిన బస్సెక్కి కందికి పోయింది. రాములు అరుగు మీద కూర్చుని, లింగం వడ్డిస్తుంటే కడుపు నిండా తింటున్నాడు. ఎవరూ ముందు తిని చూపించలేదు. లింగం కళ్లు తడిగా ఉన్నాయి.

"అన్న మనసు మారిందే దేవమ్మా. గట్టు మాటే ఎత్తలేదు."

దేవమ్మకు నమ్మకం కుదరలేదు. తండ్రి పక్కన కూర్చుంది.

"నాయినా, గీయనెవరు?"

రాములు తమ్ముడిని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఎవరో మంచోడు. అన్నం పెట్టిండు."

లింగం చేతిలో గంటె అట్లాగే ఆగిపోయింది.

సంగారెడ్డిలో డాక్టరు హైమావతి రాములును చాలాసేపు పరీక్షించింది. డిమెన్షియా అని చెప్పింది, అంటే మెదడు అరిగిపోయే మతిమరుపు జబ్బు. మొదటి నుంచీ ఆయన స్వభావం ఎట్లాంటిదని అడిగింది. దేవమ్మ అంతా చెప్పింది.

"ఇంత అనుమానం ఉంటే అది ఒట్టి స్వభావం కాదమ్మా, దాన్నీ మేం జబ్బుగానే చూస్తాం. అట్లాంటి వాళ్లకి వయసు మళ్లాక ఈ మతిమరుపు ఎక్కువగా రావచ్చని కొందరు డాక్టర్లు అంటున్నారు. ఎందుకో ఇంకా తేలలేదు."

దేవమ్మ తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్లీ లోపలికి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"మేడం, నాకు గూడ గదే గుణముంది. మా ఆయన డ్యూటీ నుంచి జెర ఆలస్యమైతే చొక్కా వాసన చూస్త. రెండుసార్లు ఫ్యాక్టరీ దాకా పోయి కొట్లాడిన. నాకు గూడ వస్తదా?"

"రావాలని ఏమీ లేదమ్మా. భయపడకు" అంది డాక్టరు. రాదని మాత్రం అనలేదు. ఆ తేడా దేవమ్మ చెవుల్లో బస్సు దిగేదాకా మోగింది.

ఆ తర్వాత లింగం వారం వారం వచ్చి అన్న గడ్డం గీసి, స్నానం చేయించి పోతున్నాడు. అతను వచ్చిన ప్రతిసారీ రాములు పేరు అడిగి, ఊరు అడిగి, కూర్చోమంటాడు.

ఒకరోజు నర్సింహ పొద్దుపోయి వచ్చాడు. దేవమ్మ గడపలోనే నిలేసింది.

"యాడికి పోయినవ్?"

"షిఫ్టు లేటయింది. మొదలువెట్టినవా ఇగ?"

ఆమె చొక్కా అందుకోబోయి ఆగింది.

"ఒక్క మాట యాదిలో పెట్టుకో. నేను నిన్ను గిట్లడుగుడు బంద్ జేసిన నాడు, జల్దీ నన్ను దవాఖానకు తీస్కపో."

నర్సింహ నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానేసి, చొక్కా విప్పి ఆమె చేతికిచ్చాడు.