మైకు బాబాయి బ్యానరు

మూడో రోజు మధ్యాహ్నానికి ఎండ మాడు పగలగొడుతోంది. బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు, టెంటు కింద, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. వెనక పన్నెండడుగుల బ్యానరు మీద కటింగ్ మేస్త్రి దండం పెడుతూ నవ్వుతున్నాడు. సమ్మెకి నాయకుడు ఆయనే. మైకు చేతికొస్తే తిరిగివ్వడు కాబట్టి అందరికీ మైకు బాబాయి. మనిషి మంచివాడే, చెవులే కాస్త తక్కువ వాడతాడు.

"చూడండి మన ఆడపడుచుల దీక్ష!" అని ఊగిపోతున్నాడు. "మగవాళ్ళ వైపు నీళ్ళ డబ్బాలు రెండుసార్లు ఖాళీ అయ్యాయి. వీళ్ళ వైపు చుక్క కదల్లేదు! త్యాగమంటే ఇదీ!"

మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాజాలక్కకి ఒళ్ళు మండిపోయింది.

పద్దెనిమిదేళ్ళుగా చొక్కాలకి కాజాలు కుడుతున్న మనిషి ఆవిడ. పక్కనే ఆవిడ తోడికోడలు, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది, కడుపు పట్టుకుని ముడుచుకు కూర్చుంది. నిన్నటి నుంచి జ్వరం, మూత్రంలో మంట. నీళ్ళు బాగా తాగమంది డాక్టరమ్మ. తాగాక ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేదు. మొదటిరోజు వీధి చివర పెట్రోలు బంకువాళ్ళు రానిచ్చారు. రెండోరోజుకి ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చినట్టుంది, బాత్రూముకి తాళం పడింది. మగవాళ్ళకి గోడ వెనక జాగా ఉంది. ఆడవాళ్ళు మాత్రం ఇంటి దగ్గరే అన్నీ కానిచ్చుకొచ్చి, సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా కూర్చుంటున్నారు.

"నావల్ల కాదక్కా," అంది తోడికోడలు. "రేపట్నుంచి రాను. నేనే కాదు, మా వరసంతా అదే అనుకుంటున్నారు. ఫినిషింగ్ సెక్షన్ వాళ్ళు చూడు, ఇందుకే సమ్మెలోకి రాకుండా లోపలే పనిచేసుకుంటున్నారు."

కాజాలక్క లేచి, నేరుగా వెళ్ళి మైకు పట్టుకుంది. బాబాయి వదల్లేదు. ఆవిడా వదల్లేదు. ఇద్దరి మధ్యా మైకు కీచుమంది.

"దీక్షా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఉగ్గబట్టుకుని కూర్చున్నాం. మాకు బాత్రూము లేదు."

ఒకడు కిసుక్కున నవ్వాడు. వాడి పెళ్ళాం చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"అమ్మా, ఇలాంటివి మైకులోనా?" అని గొణిగాడు బాబాయి. ఆ గొణుగుడూ మైకులోనే వినిపించింది. "లోపల మేనేజరు వింటే పరువు పోదూ? ముందు అసలు సమస్య తేలనీ."

"అసలు సమస్య ఏంటి బాబాయ్? ఈ సమ్మె ఎందుకు మొదలైంది? నువ్వే చెప్పు."

బాబాయి మైకు వదిలేశాడు. సంగతి అందరికీ తెలుసు. బాత్రూముకి వెళ్ళాలంటే ముప్ఫైమంది ఆడవాళ్ళున్న లైనుకి ఒకే ఒక్క టోకెను. టోకెను లేకుండా వెళ్ళారని ఏడుగురిని పనిలోంచి తీసేశారు. టోకెను పోవాలి, ఏడుగురూ తిరిగి రావాలి. సమ్మె అందుకే.

"ఆ మేనేజరు లైనుకొక టోకెనన్నా ఇచ్చాడు," అంది కాజాలక్క. "నీ సమ్మెలో అదీ లేదు."

ఆ మాటతో ఆడవాళ్ళ వైపు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఎదురుగా ఇల్లు కడుతున్న తాపీమేస్త్రి నాలుగు కర్రలూ, ఇటుకలూ ఇచ్చాడు. గోడవార డ్రైనేజీ మూత తనే జరిపి, అటూ ఇటూ ఇటుకలు పేర్చాడు. కర్రలు పాతారు. చుట్టూ కట్టడానికే ఏమీ లేదు. కాజాలక్క నడుముకి దోపుకున్న కత్తెర తీసి బ్యానరు తాళ్ళు కత్తిరించింది.

"అయ్యయ్యో, అది నా బ్యానరు!"

"నీదా? మనదనుకున్నానే!"

ఈసారి మగవాళ్ళే పగలబడి నవ్వారు. బాబాయి మొహం కందగడ్డయింది.

"బొమ్మ లోపలికా, బయటికా అక్కా?" అని అడిగారెవరో.

"బయటికే. లోపల ఆయనలా నవ్వుతూ చూస్తుంటే మనకెలా వస్తుందే?"

తోడికోడలే ముందు వెళ్ళింది. ఆమె బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర నీళ్ళ బకెట్టు ఉంది. మోసుకొచ్చింది బాబాయే. ఎవరి వంకా చూడకుండా అక్కడ పెట్టి, మగవాళ్ళని గోడవైపు నుంచి దూరంగా జరగమని కసిరాడు. తోడికోడలు టెంటులోకొచ్చి, నిలబడే రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. కాజాలక్కకి కళ్ళు చెమర్చాయి. కోపమూ అలాగే ఉంది. ఆ కోపంతోనే గేటువైపు తిరిగి మైకందుకుంది.

"ఫినిషింగ్ అక్కచెల్లెళ్ళూ! మేనేజరుగారూ, మీరూ వినండి! ఇక్కడ మాకు బాత్రూముంది. ఎవర్నీ అడగక్కర్లేదు. రండి!"

టీ విరామానికి చిన్న గేటు తెరుచుకుంది. తొమ్మిదిమంది వచ్చారు. ముందున్నామె తలదించుకుని కాజాలక్క దగ్గరికొచ్చి, అలవాటుకొద్దీ టోకెను కోసం చెయ్యి చాపింది.

కాజాలక్క ఆ చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది.